కరెంటు పోతే పట్టుకునేదాన్ని

నేను ఒక బ్రేకును. శుభవార్త నా చెవిన పడేటప్పటికి నా నోటి నిండా కారం ఉంది.

కారమంటే నిజంగా కారమే. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఒక కోల్డ్ స్టోరేజి ఉంది. అందులో నాలుగంతస్తులకీ మిరపకాయల టిక్కీలు ఎక్కించి దించే లిఫ్టు మోటారుకి వెనకవైపు బిగించి ఉంటాను. టిక్కీ అంటే మా దగ్గర మిరపకాయల బస్తా. ఆ బస్తాల్లోంచి లేచిన దుమ్ము లిఫ్టు గూటిలోంచి పైకి తేలి వచ్చి, అన్నిటికంటే పైనున్న మిషను గదిలో నా మీద వాలుతుంది. వారానికోసారి ఎలక్ట్రీషియన్ మోషే మూతికి తడి తువ్వాలు కట్టుకుని, నా మూత విప్పి, మెత్తటి బ్రష్షుతో దులుపుతాడు. ఆ రోజూ అదే పనిలో ఉన్నాడు. ఏడో తుమ్ము తుమ్మబోతుండగా కింద నుంచి మేనేజరు చెంచురామయ్య గారి కేక వినపడింది.

"మోషే! డ్రైవు వచ్చిందోయ్! లారీలోంచి దించుతున్నారు!"

మోషే తుమ్ము మాట మరిచిపోయాడు. నా వీపున ఒక్కటి చరిచి, "విన్నావా? ఇక నీ ఒళ్ళు అరగదు" అన్నాడు.

డ్రైవు అంటే మోటారుని మెల్లగా కదిలించి మెల్లగా ఆపే పెట్టె. అది రాకముందు నా బతుకు వేరు. మోటారు పూర్తి జోరు మీదుండగా మీట నొక్కేవారు. నేను ఎగిరి దాన్ని కరిచిపట్టి ఆపాలి. రోజుకి రెండు వందల సార్లు. ఆపిన ప్రతిసారీ నా ఒంట్లో గోటి మీద మట్టంత పదార్థం అరిగిపోయేది. ఇకమీదట మోటారు తానే నెమ్మదించి ఆగుతుంది. ఆగాక దాన్ని కదలకుండా పట్టుకుంటే నా పని అయిపోయినట్టే. ఈ వయసులో నాకు అంతకన్నా కావలసిందేముంది?

వయసంటే ఇరవై రెండేళ్ళు. పుట్టింది కోయంబత్తూరులో ఒక చిన్న కార్ఖానాలో. నా నిర్మాణం చెప్పడం తేలిక. నడుమ ఒక గుండ్రటి బిళ్ళ, మోటారు ఇరుసుతో పాటు తిరుగుతుంది. ఆ బిళ్ళని ఒక ఇనప రేకుతో అదిమి పట్టడానికి ఆరు స్ప్రింగులు. ఆ రేకుని వెనక్కి లాగడానికి రాగి తీగ చుట్టిన కాయిలు. కరెంటు వస్తే కాయిలు రేకుని లాగేస్తుంది, బిళ్ళ వదులవుతుంది, మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే స్ప్రింగులు రేకుని తోసేస్తాయి, మోటారు నిలబడిపోతుంది.

అంటే కరెంటు ఉన్నప్పుడు వదిలేదాన్ని, పోయినప్పుడు పట్టుకునేదాన్ని. మనుషులకి ఇది బుర్రకెక్కదు. కరెంటు ఉంటే ప్రతిదీ పనిచేస్తుందనీ, పోతే ప్రతిదీ పడుకుంటుందనీ వాళ్ళ నమ్మకం. ఫ్యాను ఆగిపోయి, దీపం ఆరిపోయి, అందరూ విసనకర్రలు వెతుక్కునేటప్పుడే నా ఉద్యోగం మొదలవుతుందని ఎంతమందికి తెలుసు? వెయ్యి కిలోల బరువు గాలిలో వేలాడుతుంటే, "మోటారు భలే పట్టుకుందిరా" అంటారు. అప్పుడు మోటారు నిద్రపోతూ ఉంటుంది.

మొదట చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లులో పనిచేశాను. మిల్లు మూతపడ్డాక నన్నూ మోటారునీ ఒకే చెక్కమీద బిగించి, విడదీయకుండా ఇక్కడికి తెచ్చారు. ఇక్కడ మమ్మల్ని నిలబెట్టింది వీరభద్రాచారి గారు. పెద్ద పనివాడు. నాకు కావలసిన కరెంటుని ఆయన మోటారు మూతలోంచే తీశాడు. మోటారుకి కరెంటు అందితే అదే క్షణాన నాకూ అందుతుంది. దానికి పోతే నాకూ పోతుంది. నాకు కావలసిన తీరుగా కరెంటుని మార్చే చిన్న రెక్టిఫయరు కూడా ఆ మూతలోనే ఇమిడ్చాడు. పని అయ్యాక మూత లోపలి వైపు తెల్ల రంగుతో ఇలా రాశాడు: "బ్రేకు తీగలు మోటారుతోనే. విప్పొద్దు. వీ.ఆచారి."

ఇక్కడి పనివాళ్ళలో ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు చేసిపోయిన కనెక్షను తర్వాతి వాళ్ళు ముట్టుకోరు. మూత లోపల పేరు రాసి ఉంటే అసలే ముట్టుకోరు. ఆచారి గారు పని మానేసి తొమ్మిదేళ్ళయింది. ఆయన తర్వాత ముగ్గురు వచ్చి వెళ్ళారు. ముగ్గురూ ఆ మూత తీసి, ఆ రాత చదివి, దణ్ణం పెట్టినంత పనిచేసి మళ్ళీ బిగించేశారు. నాలుగోవాడు మోషే.

మోషే ఫిబ్రవరిలో వచ్చాడు, సీజను మొదట్లో. అప్పటికి పెళ్ళయి పంతొమ్మిది రోజులు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, అతను రోజులు పైకి లెక్కపెట్టేవాడు. భార్య సలోమి తెనాలిలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఆమె అక్కడ లేడీస్ హాస్టల్లో, ఇతను గుంటూరులో ముగ్గురు బ్రహ్మచారులతో కలిసి ఒకే గదిలో. కోల్డ్ స్టోరేజి ఆవరణలో ఎలక్ట్రీషియనుకని రెండు గదుల క్వార్టరు ఉంది. దాని తాళంచెవి చెంచురామయ్య గారి బల్ల సొరుగులో ఉంది.

"సీజను అయ్యేదాకా లిఫ్టు ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆగలేదా, చెవి నీది. ఆగిందా, కరెంటు పని చూసే పాత కాంట్రాక్టరు వస్తాడు, నువ్వు నీ దోవన వెళ్తావు" అని మోషే చేరిన రోజే ఆయన చెప్పేశాడు.

అప్పట్నుంచి మోషేకి నేనంటే ప్రాణం. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని మిషను గదికే వచ్చేవాడు. అన్నం కలుపుతూ సలోమికి ఫోను చేసి, ఫోను నా పక్కన పెట్టేవాడు. అందుకని ఆమె గొంతు నాకు బాగా తెలుసు.

"మీ పెద్దావిడ ఎలా ఉంది?" అనేది ముందు. పెద్దావిడ అంటే నేనే. "ఆవిడ దగ్గరే భోజనం, ఆవిడకే ఒళ్ళు దులపడాలు. చిన్నదాన్ని, నన్నెవరు పట్టించుకుంటారు?"

"ఆవిడ దయుంటేనే మనకి ఇల్లు, సలోమీ. నోరు జాగ్రత్త."

తర్వాత ఆ రోజు ఏం కొన్నదో చెప్పేది. ఒక రోజు ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే మూడు గిన్నెలు. ఇంకోరోజు చెక్క గరిటె. మరోరోజు ఉప్పు డబ్బా, "మూత తీస్తే టక్కుమంటుందండీ, వినండి" అని ఫోనులో నాలుగుసార్లు వినిపించింది. అన్నీ హాస్టల్లో మంచం కింద దాచేది. సంసారం మొత్తం మంచం కిందే పెరుగుతోంది. మోషే ఒకరోజు ఎవరూ చూడకుండా క్వార్టరు కిటికీని టేపుతో కొలిచి వచ్చాడు. నాలుగడుగులు, మూడడుగులు. ఆ సాయంత్రమే ఆమె పసుపుపచ్చ కర్టెను గుడ్డ కొనేసింది. చెవి ఇంకా సొరుగులోనే ఉంది, కర్టెను మాత్రం తయారు.

ఇదిగో, అలాంటి సమయంలో డ్రైవు వచ్చింది.

కంపెనీ నుంచి వచ్చిన మనిషి దాన్ని గోడకి బిగించి, మోటారు తీగలు దాంట్లోకి కలిపి, టీ తాగి వెళ్ళిపోయాడు. నా తీగల సంగతి మోషేకి వదిలేశాడు. మోషే మోటారు మూత తీశాడు. తెల్ల అక్షరాలు చదివాడు. ఒక్క నిమిషం ఆలోచించాడు కూడా. "ఆచారి గారు ఊరికే రాయరు" అనుకుని మూత బిగించేశాడు.

అంతే. నా కష్టాలు మొదలయ్యాయి.

డ్రైవు మోటారుని మెల్లగా కదిలిస్తుందని చెప్పాను కదా. మెల్లగా కదిలించడానికి మొదట్లో దానికి కొద్ది కరెంటే వదులుతుంది. నాదీ మోటారుదీ ఒకే కంచం కాబట్టి నాకూ ఆ కొద్దే. అరపూట తిండితో ఆరు స్ప్రింగుల మీద రేకుని లాగడం ఎలా? సగం లాగి సగం వదిలేసేదాన్ని. మోటారేమో పోతానంటుంది, నేనేమో వదల్లేకపోతున్నాను. ఇద్దరం రాసుకుని రాసుకుని నా బిళ్ళ మాడడం మొదలైంది. మీద కారం ఉందేమో, మాడిన వాసనా వేయించిన మిరపకాయల ఘాటూ కలిసి లిఫ్టు గూటిలోంచి నాలుగంతస్తులకీ దిగింది. బస్తాలు మోసే ముఠా వాళ్ళంతా వరసగా తుమ్ములు.

"ఏమయ్యా కరెంటాయనా, పైన తాలింపు పెడుతున్నావా?" అని కింద నుంచి బాజీ మేస్త్రి అరిచాడు. ముఠాకి పెద్ద. యాభై ఏళ్ళ మనిషి, మూడు టిక్కీలు మోసి కూడా జోకు వెయ్యగలడు.

నాలుగు ట్రిప్పులకోసారి డ్రైవు మీద ఎర్రదీపం వెలిగి మోటారు ఆగిపోయేది. మోషే పరుగున వచ్చి సరిచేసి వెళ్ళేవాడు. రెండు రోజులు ఎలాగో నెట్టుకొచ్చాడు. చెంచురామయ్య గారు పైకి వచ్చి ముక్కు మూసుకుని నన్ను చూశాడు.

"డ్రైవు కొత్తది, మోటారు బాగానే ఉంది. ముసలిది ఇదొక్కటే. పీకి పాత ఇనుములో పడేసి కొత్తది తెప్పించు."

"కొత్తది రావడానికి ఎనిమిది రోజులు పడుతుందండీ."

"ఎనిమిది రోజులా! బయట లారీలు చూశావా?"

ఎనిమిది రోజులు ఆగితే పసుపుపచ్చ కర్టెను ఇక మంచం కిందే.

మూడోరోజు పొద్దున అతన్ని కంప్రెసరు గదిలో ఏదో పని మీద పిలిచారు. అప్పుడే లిఫ్టు మళ్ళీ ఆగింది. బాజీ మేస్త్రి విసుగెత్తి తన మనిషిని పైకి పంపాడు. నాకు పక్కన ఒక చేతిపిడి ఉంటుంది. కరెంటు లేనప్పుడు బస్తాలుండే లిఫ్టు బోనుని మెల్లగా కిందికి దించుకోవడానికి, ఆ పిడి లాగితే నేను వదులుతాను. ఆ వచ్చినవాడు పిడి మొత్తం వెనక్కి లాగి, బస్తాల మూతులు కుట్టే పురికొసతో నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడేసి వెళ్ళాడు. ఇక్కడ ఏది తెగినా, ఏది ఊడినా పురికొసతో కట్టేస్తారు. చెప్పుల దగ్గర్నుంచి కళ్ళజోళ్ళ దాకా. నన్నూ కట్టేశారు.

లిఫ్టు వెన్నలా నడిచింది. వాసన లేదు, ఎర్రదీపం లేదు. "చూశారా, పది నిమిషాల్లో బాగుచేశాం" అని కింద ఒకటే సంబరం. గేరు బిగువుకీ డ్రైవు పట్టుకీ బోను ఎలాగో ఆగుతూ వచ్చింది. నేను మాత్రం రెండు చేతులూ వెనక్కి విరిచికట్టినట్టు, తిరుగుతున్న బిళ్ళని చూస్తూ కూర్చున్నాను. అంత ఖాళీగా నేను ఏనాడూ లేను. అంత భయంగానూ లేను.

మధ్యాహ్నం మోషే క్యారియరుతో పైకి వచ్చాడు. నన్ను చూశాడు. పురికొస చూశాడు. క్యారియరు కింద పెట్టాడో పడేశాడో, సాంబారు మాత్రం గడప దాకా పారింది.

"మేస్త్రీ! లిఫ్టులోంచి బయటికి రండి! ఎవరూ ఎక్కొద్దు!" అని గూటిలోకి అరిచాడు.

అదే క్షణాన కరెంటు పోయింది.

బోను మూడో అంతస్తు దగ్గర ఉంది. ఇరవై ఆరు టిక్కీలు. బాజీ మేస్త్రి భుజాన ఒకటి ఎత్తుకుని, ఒక కాలు గడప మీద, ఒక కాలు బోనులో పెట్టి ఉన్నాడు. డ్రైవు పట్టు పోయింది. మోటారు తనంత తాను వెనక్కి తిరగసాగింది. మొదట నెమ్మదిగా, తర్వాత అంత నెమ్మదిగా కాదు.

మోషే ముడి విప్పడానికి ప్రయత్నించలేదు. జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి పురికొస మీద ఒక్క నొక్కు నొక్కాడు. పిడి టప్పున ముందుకి వచ్చింది. ఆరు స్ప్రింగులూ రేకుని తోసేశాయి. ఉన్నదంతా పెట్టి పట్టుకున్నాను. మాడిన బిళ్ళే, అయినా పట్టింది. బోను గడపకి జానెడు కింద ఆగింది. మేస్త్రి వెల్లకిలా బస్తాల మీద పడ్డాడు. భుజాన ఉన్న టిక్కీ పగిలి ఒళ్ళంతా మిరపకాయలు.

కాసేపటికి ఆయన మెట్లెక్కి పైకి వచ్చాడు. తలలోంచి మిరపతొడిమలు రాలుతున్నాయి. తెగిన పురికొస చేతిలోకి తీసుకున్నాడు.

"మావాడు కట్టాడు. కట్టమన్నది నేను" అన్నాడు.

"కాలు పోయేది మేస్త్రీ."

"తెలుసయ్యా. మా ఆవిడ కూడా అదే అంటుంది ఇంటికెళ్ళాక, గట్టిగా." నా వంక చూశాడు. "ఇది లేకపోతే బోనుని పట్టుకునేది మోటారు కాదా?"

"కాదు. ఇదే."

"అరె. ఇన్నేళ్ళూ మోటారుకి కొబ్బరికాయ కొట్టామే!"

చెంచురామయ్య గారు వచ్చేసరికి మోషే మెయిన్ స్విచ్ కిందికి దించి తాళం వేశాడు. "లిఫ్టు ఆపేశాను సార్. సాయంత్రం దాకా టైమివ్వండి" అన్నాడు. ఆపేశాననే మాట అతని నోటి నుంచే వచ్చింది. ఆయన గడియారం చూసుకున్నాడు. "అయిదింటిదాకా. తర్వాత కాంట్రాక్టరుకి ఫోను చేస్తాను" అని వెళ్ళిపోయాడు.

మోషే ముందు చేతిపిడితో, జానెడు జానెడుగా, బోనుని నేలకి దించాడు. బరువు నేలమీద కూర్చున్నాకే నా మీద స్పానరు పెట్టాడు. బిళ్ళకీ రేకుకీ మధ్య సందులో పలచటి కొలత రేకులు దూర్చి చూశాడు, సందు సరిగ్గానే ఉంది. మీటరు పెట్టి కాయిలు చూశాడు, అదీ బాగానే ఉంది. స్ప్రింగులు లెక్కపెట్టాడు. అన్నీ ఉన్నాయి. అప్పుడు గోడకి జారగిలబడి సలోమికి ఫోను చేశాడు. ఈసారి గిన్నెల మాట రాలేదు. జరిగిందంతా చెప్పాడు.

"ఆవిడకి కరెంటు సరిగ్గా అందితే పనిచేస్తుందా?" అంది సలోమి.

"చేస్తుంది."

"అందుతోందా?"

"మోటారుకి అందుతోందిగా."

"నేను మోటారు గురించి అడగలేదు. మీ పెద్దావిడ గురించి అడిగాను."

"తీగలు మోటారుతోనే ఉండాలని ఆచారి గారు రాసిపెట్టారు సలోమీ. మామూలు మనిషి కాదాయన."

"ఆయన రాసిననాడు డ్రైవు ఉందా?"

మోషే ఫోను పెట్టెయ్యలేదు. లేచి, మీటరు పిన్నులు నా తీగలకి తగిలించి, కరెంటు తిరిగి రాగానే స్విచ్ తాళం తీసి ఎత్తి, ఖాళీ చేయించిన బోనుతో ఒక్కసారి మీట నొక్కాడు. మోటారు కదలబోయే వేళ మీటరు ముల్లు సగం కూడా ఎక్కలేదు.

"సగమే సలోమీ! సగమే వస్తోంది!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

"అయితే అన్నం విడిగా వడ్డించండి ఆవిడకి" అంది ఆమె.

మళ్ళీ స్విచ్ దించి తాళం వేసి, మోటారు మూత తీశాడు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని తీగలు విప్పాడు. నాకోసం లైను నుంచి నేరుగా వేరే తీగలు లాగాడు, మధ్యలో డ్రైవు చెప్పినట్టు కరెంటుని కలిపి తెంచే కాంటాక్టరు స్విచ్చు ఒకటి పెట్టాడు. మోటారు బరువుని అందుకుందని డ్రైవు చెప్పాకే నాకు కరెంటు రావాలి. మోటారు ఆగిందని చెప్పగానే పోవాలి. డ్రైవు చచ్చిపోయినా పోవాలి. రెక్టిఫయరు తర్వాత కూడా ఆ కరెంటు తెగేలా పెట్టాడు, నేను ఆలస్యం లేకుండా ఠక్కున పట్టుకోవడానికి. మాడిన బిళ్ళ సంగతేమిటా అని నేననుకుంటుండగా, మూల బీరువాలో అడుగు అరలో పాత వార్తాపత్రికలో చుట్టిన కొత్త బిళ్ళ దొరికింది. పొట్లం మీద అవే అక్షరాలు: "బ్రేకుకి. అవసరం పడుతుంది. వీ.ఆచారి." మోషే ఆ పొట్లాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఈసారి దాన్ని విప్పాడు కూడా.

బిళ్ళ వేసి, మూడు చోట్ల కొలత రేకు దూర్చి సందు సమానం చేశాడు. ఇరవై ఆరు టిక్కీలు ఎక్కించి, మనుషుల్ని దూరంగా నిలబెట్టి, బోను రెండో అంతస్తు దాటుతుండగా కావాలనే మెయిన్ స్విచ్ దించేశాడు.

పట్టుకున్నాను.

బాజీ మేస్త్రి బస్తాల మీద మార్కా వేసే ఎర్ర రంగు తెచ్చి, బోను అంచుకి ఎదురుగా గోడ మీద ఒక గీత గీశాడు. పది నిమిషాలు అందరూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డారు. వెంట్రుకంత కూడా జారలేదు. టైము నాలుగూ యాభై. చెంచురామయ్య గారు గీత దగ్గరికి వంగి, కళ్ళజోడు సవరించుకుని, "ఊ" అన్నాడు. కాంట్రాక్టరుకి ఫోను చెయ్యలేదు. అయినా ఒక పూట లిఫ్టు ఆగింది కదా. ఆ ఊ లో చెవి ఉందో లేదో ఎవరికీ తెలియలేదు.

మోషే అదే ఎర్ర రంగు అడిగి తీసుకుని మళ్ళీ పైకి వచ్చాడు. ఆచారి గారి అక్షరాలు చెరపలేదు. వాటి కింద రాశాడు: "డ్రైవు వచ్చాక బ్రేకుకి వేరే లైను. చేతిపిడి కట్టొద్దు. డ్రైవు మారిస్తే మళ్ళీ ఆలోచించాలి." పేరు రాయబోయి ఆగి, "మోషే, సలోమి" అని రాశాడు.

ఇది జరిగి ఇరవై మూడు రోజులు. వాసన లేదు, ఎర్రదీపం లేదు. నా ఒళ్ళు నిజంగానే అరగడం లేదు. బాజీ మేస్త్రి పొద్దున పని మొదలుపెట్టేముందు గూటిలోంచి పైకి చూసి నాకొక సలాం పెడుతున్నాడు. మోటారు దానికేమీ అనుకోలేదు, దాని నిద్ర దానిది.

ఈ మధ్యాహ్నం సీజనులో ఆఖరి లారీ వెళ్ళిపోయింది. చెంచురామయ్య గారు మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ మిషను గదికి వచ్చాడు. మోషే లేచి నిలబడ్డాడు.

"సీజనులో లిఫ్టు ఒక పూట ఆగింది" అన్నాడు ఆయన.

"ఆగింది సార్."

"నువ్వే ఆపావు. పడే బోనుని కూడా నువ్వు ఆపకుండా ఉంటే బాజీ ఉండేవాడు కాదు." జేబులోంచి తాళంచెవి తీసి, మోషే చేతికివ్వకుండా నా మూత మీద పెట్టి దిగిపోయాడు. అదేం పద్ధతో నాకు తెలియదు. మనుషులు కొన్ని మాటలు ఇనుముతో చెప్పుకుంటారు కాబోలు.

తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ళుగా ఒకే కంచంలో తిన్న నేనూ మోటారూ వేరుపడ్డాం, అందువల్ల వాళ్ళిద్దరూ ఒక ఇంటివాళ్ళయ్యారు.

ఇందాకే ఫోను అయింది. రేపు పొద్దున పదింటికి తెనాలి నుంచి ఆటోలో మంచం కింద సంసారమంతా వస్తుందట. కర్టెను మాత్రం సలోమి ఒళ్ళో పెట్టుకుని తెస్తుందట. క్వార్టరు తలుపు తియ్యడానికి ముందు నన్ను చూడాలట. "పెద్దావిడకి చెప్పకుండా ఇంట్లో అడుగుపెట్టనండీ" అని తేల్చి చెప్పింది. గృహప్రవేశం వేళ తుమ్ము మంచిది కాదని చెంచురామయ్య గారి పట్టింపు. అందుకని రేపు ఎనిమిదింటికే వచ్చి, స్విచ్ దించి, నా మూత విప్పి, కారమంతా శుభ్రంగా దులుపుతానన్నాడు మోషే.